విత్తులు తీసిన మగ గుర్రానికి పిల్లలు పుడతాయా? ఎపిసోడ్ పూర్తి పాఠం

ఈ రోజు టాపిక్ వినగానే కొంతమంది నవ్వుతారు, కొంతమంది గబగబా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. పెట్టుకోండి, తప్పేం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పక్కనుంటే మాత్రం స్పీకర్‌లోనే పెట్టండి. పశువులు పెంచిన మన తాతలకు ఈ సబ్జెక్ట్‌లో సిగ్గేమీ ఉండదు, మనకే ఎక్కువ.

ప్రశ్న ఇది. మగ గుర్రానికి విత్తులు తీసేశాక దానికి పిల్లలు పుడతాయా?

ఒక్క మాటలో జవాబు: పుట్టవు. అయితే ఈ ఎపిసోడ్ ఇక్కడే ఆపేయొచ్చు కదా అంటారా? ఆ ఒక్క మాట నమ్ముకునే ఒకాయన, ఏ తప్పూ చేయని పిల్లగాణ్ణి పనిలోంచి తీసేశాడు. అందుకని పూర్తిగా మాట్లాడుకుందాం.

సిద్దిపేటకు దగ్గర్లోని ఒక ఊరి నుంచి ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తోలుతాడు. రెండు ఆడ గుర్రాలున్నాయి. పోయిన సీజన్ ముందు సంతలో ఒక మగ గుర్రాన్ని కొన్నాడు. అమ్మినాయన "విత్తులు తీసిందే, ఏడాదైంది, గొర్రె లెక్క ఉంటది" అన్నాడట. నిజంగానే సాధువుగా ఉంది. తెచ్చి ఆడ గుర్రాల పక్కనే కట్టేశాడు. మూడు నెలలకు ఒక ఆడ గుర్రం ఎదకు రావట్లేదని డాక్టర్‌ని పిలిపిస్తే స్కాన్ చేసి "చూడిది" అన్నాడు. అన్న మాట అన్నట్టే చెప్తున్నా: "తమ్మీ, విత్తుల్లేని గుర్రంతోని ఎట్ల కడ్తది? మా దగ్గర పనిచేసే పోరడే దాన్ని ఇడిచిపెట్టి వేరే గుర్రంతో దాటించిండని నేను వాణ్ణి పనిలకెళ్లి తీసేసిన. నేను చేసింది కరెక్టేనా?"

నేను బీటెక్ చదివినోణ్ణి, మూడేళ్లు కోడ్ రాసినోణ్ణి. గుర్రం గురించి నాకేం తెలుసు? అందుకే పశువైద్యం చదివిన ఫ్రెండ్‌తో రెండు రోజులు కూర్చున్నా. ఇప్పుడు చెప్పేదంతా అక్కడ నేర్చుకున్నదీ, దాని మీద చదివిందీ.

ముందు ఒక తమాషా గమనించండి. పశువుల విషయంలో మన తెలుగు ఎంత పక్కాగా ఉంటుందో చూడండి. విత్తులున్నంతకాలం కోడె. కొట్టించాక ఎద్దు. ఊరి మీద వదిలేసింది ఆంబోతు. గొర్రెల్లో విత్తనపు పొట్టేలు వేరు. వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించేటప్పుడు "కోడె కట్టినం" అంటారు, "ఎద్దు కట్టినం" అనరు. మాటలోనే మొత్తం సమాచారం ఉంది. "మా ఎద్దుకు దూడ పుట్టింది" అని మన ఊళ్లో ఎవరైనా అంటే పక్కనోడు నవ్వుతాడు. కానీ గుర్రం దగ్గరికొచ్చేసరికి అది విత్తులున్నదైనా, తీసిందైనా మనకు మగ గుర్రమే. రోజువారీ మాటల్లో దీనికి వేరే పదం లేదు. ఇంగ్లిష్‌లో గెల్డింగ్ అంటారు. మన రైతు ఇంట్లో గుర్రం లేదు, ఎద్దు ఉంది. అందుకే ఎద్దు గురించి తెలిసినంత గుర్రం గురించి మనకు తెలియదు. కొమురవెల్లి మల్లన్నకు గుర్రం వాహనమని తెలుసు, అంతే.

ఇప్పుడు గుర్రాలు ఇంకా తగ్గాయి కూడా. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే. అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి.

సరే, అసలు విత్తులు ఎందుకు తీస్తారు? గుణం కోసం. విత్తులున్న మగ గుర్రాన్ని స్టాలియన్ అంటారు. దగ్గర్లో ఎదకొచ్చిన ఆడ గుర్రం ఉందంటే దానికి ఇంకేం కనపడదు. కరుస్తుంది, తంతుంది, వెనక కాళ్ల మీద లేస్తుంది. మీద పెళ్లికొడుకు, ముందు డీజే, చుట్టూ పటాకులు, పక్కన చిన్నపిల్లలు. ఆ సీన్‌లో స్టాలియన్‌ను ఊహించుకోండి. ఇంకో కారణం, సంతానానికి మగవి చాలా తక్కువ సరిపోతాయి. 2017లో మొదలైన మన గొర్రెల పంపిణీ పథకం గుర్తుందా? ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, 1 పొట్టేలు. అదే లెక్క గుర్రాలకూ. మిగతా మగవాటి విత్తులతో పనిలేదు, వాటి కాళ్లతోనే పని.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. విత్తుల్లో రెండు పనులు నడుస్తుంటాయి. ఒకటి వీర్యకణాల తయారీ. రెండోది టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ తయారీ. ఒకే బిల్డింగ్, రెండు డిపార్ట్‌మెంట్లు. ఈ రెండూ వేర్వేరు అన్నది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

గుర్రంలో ఒక వీర్యకణం మొదటి దశ నుంచి తయారై బయటపడటానికి సుమారు 57 రోజులు పడుతుంది. రోజుకు కొన్ని వందల కోట్ల కణాలు తయారవుతూనే ఉంటాయి. అవి విత్తును అంటుకుని ఉండే ఒక పొడవాటి మెలికల గొట్టంలోకి వెళ్తాయి, దాన్ని ఎపిడిడిమిస్ అంటారు. అక్కడే ఈదడం నేర్చుకుంటాయి, అక్కడే నిల్వ ఉంటాయి. అక్కడి నుంచి ఇంకో నాళం వాటిని పైకి, కడుపులోకి తీసుకెళ్తుంది. ఆ నాళం చివర, మూత్రాశయం దగ్గర, లావుగా ఉబ్బిన భాగం ఒకటుంటుంది. దాని పేరు ఆంపుల్లా. మగ గుర్రంలో ఇది బాగా పెద్దది. ఇందులో కూడా వీర్యకణాలు స్టాక్ ఉంటాయి.

ఆపరేషన్‌లో డాక్టర్ ఏం తీస్తాడు? విత్తులు, వాటితో పాటు ఎపిడిడిమిస్, నాళంలో కింది ముక్క. ఆంపుల్లా లోపలే ఉండిపోతుంది. అంటే ఫ్యాక్టరీ కూల్చేశారు, గోడౌన్ అలాగే ఉంది. కోడ్ రాసేవాళ్లకైతే ఇంకా ఈజీగా చెప్తా. సర్వర్ ఆపేశాం, కానీ క్యాష్‌లో పాత పేజీ ఇంకా ఉంది. రిఫ్రెష్ కొట్టినోడికి కొంతసేపు అది కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే విత్తులు తీసిన వెంటనే మగ గుర్రం "సేఫ్" అయిపోదు. మిగిలిన కణాలు రోజులు గడిచేకొద్దీ చచ్చిపోతాయి, బయటికి పోతాయి. అవకాశం రోజురోజుకూ తగ్గుతుంది, కానీ మొదటి రోజే సున్నా కాదు. ఆపరేషన్ అయ్యాక కనీసం 30 రోజులు ఆడ గుర్రాలకు దూరంగా కట్టమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇంకా జాగ్రత్తపరులు 60 రోజులంటారు. ఆ తర్వాత కొత్త స్టాక్ వచ్చే దారే లేదు.

ఇప్పుడు అన్న కేసుకు వద్దాం. నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, గుర్రాన్ని తెచ్చినప్పుడు వెనక కాళ్ల మధ్య ఎట్లుండే?" ఆయన కాస్త ఆలోచించి, "కొంచెం వాపుండే. అడిగితే నడిచి నడిచి నీరు దిగింది, రెండ్రోజుల్ల పోతది అన్నడు" అన్నాడు.

నా ఫ్రెండ్ ఇది వినగానే తల పట్టుకున్నాడు. విత్తులు తీసి ఏడాదైన గుర్రానికి అక్కడ వాపెందుకుంటుంది? ఆపరేషన్ తర్వాత వాపు రావడం మామూలే, అది కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు ఉంటుంది. అంటే సంతకు తోలే ముందే విత్తులు తీయించి ఉంటారు. నొప్పికి అది మెత్తగా ఉంటే "గొర్రె లెక్క" అని అమ్మేశారు.

తర్వాత తేదీల లెక్క. చూడి ఎన్ని రోజులదో స్కాన్‌లో సుమారుగా తెలుస్తుంది. గుర్రానికి చూడి కాలం దాదాపు 340 రోజులు, మన భాషలో 11 నెలలు. ఎద 21 రోజులకొకసారి వస్తుంది, వస్తే ఐదారు రోజులుంటుంది. డాక్టర్ చెప్పిన వయసును క్యాలెండర్‌లో వెనక్కి లెక్కబెడితే, గుర్రాన్ని తెచ్చిన రెండో వారంలో ఆగింది. అంటే గోడౌన్‌లో స్టాక్ ఉన్న టైమే.

ఇది రుజువా అంటే, కాదు. నూటికి నూరు పాళ్లు తేలాలంటే పిల్ల పుట్టాక దాని జుట్టు కుదుళ్లు, తల్లివి, ఈ మగ గుర్రానివి తీసి డీఎన్ఏ పరీక్ష చేయించాలి. కానీ ఒక మనిషి పని పోగొట్టడానికి చాలినంత రుజువు అటువైపు కూడా లేదు కదా! ఇదే అన్నతో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పోరణ్ణి పిలుస్త తమ్మీ" అన్నాడు. పిలిచాడు. ఆ పిల్లగాడు వచ్చాడు కానీ, ముందు పాత జీతం బాకీ ఇయ్యమన్నాడట. కరెక్టే అడిగాడు.

ఇక ఇందులో ఇంకో అనుమానం ఉంది, చాలామంది కామెంట్లలో అడిగేది కూడా ఇదే. "మా గుర్రానికి విత్తులు తీయించి రెండేళ్లయింది, అయినా ఆడ గుర్రం మీదికి ఎక్కుతోంది. ఆపరేషన్ సరిగ్గా చేయలేదా?"

ఇక్కడ ఆ రెండు డిపార్ట్‌మెంట్ల విషయం గుర్తుచేసుకోండి. విత్తులు పోయిన కొద్ది రోజుల్లోనే రక్తంలో టెస్టోస్టెరాన్ పడిపోతుంది. కానీ అలవాటు మెదడులో ఉంటుంది, రక్తంలో కాదు. పూర్తిగా, శుభ్రంగా విత్తులు తీసిన గుర్రాల్లో కూడా 20 నుంచి 30 శాతం మగ గుర్రం వేషాలు వేస్తూనే ఉంటాయి. ఎక్కుతాయి, సకిలిస్తాయి, మిగతా మగవాటిని తరుముతాయి. ఎక్కడం వేరు, కట్టించడం వేరు. "ఎపిడిడిమిస్ ముక్క మిగిలిపోయింది, అందుకే దీనికి పొగరు" అని గుర్రాలవాళ్లు ఒక మాటంటారు. అది తప్పు. ఎపిడిడిమిస్ హార్మోన్ తయారు చేయదు.

కానీ ఒక నిజమైన సమస్య ఉంది. మగ గుర్రం పిల్ల కడుపులో ఉన్నప్పుడు విత్తులు కూడా కడుపులోనే ఉంటాయి. పుట్టే సమయానికి అటూ ఇటూగా కిందికి దిగుతాయి. కొన్నింటిలో ఒకటి దిగదు, మధ్యలోనే ఎక్కడో ఆగిపోతుంది. అప్పుడు ఏం చేస్తారంటే, కనిపించే ఒక్కదాన్ని తీసేసి "అయిపోయింది" అని అమ్మేస్తారు. బయట సంచి ఖాళీ. లోపల ఒకటి ఉంది.

ఆ లోపలిది ఏం చేస్తుంది? హార్మోన్ తయారు చేస్తుంది. వీర్యకణాల్ని మాత్రం మామూలుగా తయారు చేయలేదు. ఎందుకంటే వాటి తయారీకి శరీరం కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉండాలి. విత్తులు బయట వేలాడుతున్నది ఊరికే కాదు, అది కూలింగ్ సిస్టమ్. కడుపులో ఆ చల్లదనం దొరకదు. కాబట్టి ఇలాంటి గుర్రం గుణంలో పూర్తి స్టాలియన్, సంతానంలో దాదాపు సున్నా. బరాత్‌కు మాత్రం ఇదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే విత్తుల్లేవని నమ్మి దాన్ని జనం మధ్యలోకి తీసుకెళ్తారు. అనుమానముంటే రక్త పరీక్షలున్నాయి. ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ముందూ తర్వాతా టెస్టోస్టెరాన్ చూస్తారు. విత్తుల కణజాలం నుంచే వచ్చే ఏఎంహెచ్ అనే ఇంకో హార్మోన్ కూడా కొలుస్తారు. నిజంగా విత్తులు లేకపోతే అది ఉండదు. అన్న గుర్రానికి కూడా ఈ పరీక్ష చేయించమనే చెప్పాం.

కొంతమంది దీన్ని కంచర గాడిదతో కలిపేస్తారు, రెండింటికీ పిల్లలు పుట్టవు కదా అని. రెండూ పూర్తిగా వేరు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. రెండింటికీ పుట్టిన కంచర గాడిదకు 63. బేసి సంఖ్య, జతలు కుదరవు, అందుకే వీర్యకణాల తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. అది డిజైన్‌లోనే ఉన్న ఇబ్బంది. విత్తులు తీసిన గుర్రం డిజైన్‌లో ఏ లోపమూ లేదు. దాని ఒంట్లో ప్రతి కణంలో పూర్తి 64 క్రోమోజోములు భద్రంగా ఉన్నాయి. బయటికి పంపే దారి మాత్రమే లేదు. ఈ పాయింట్ మీదే చివర్లో పెద్ద కథ ఉంది, ఆగండి.

ఆపరేషన్ గురించి రెండు మాటలు. మన దగ్గర కోడెలకు బర్డిజో అనే పెద్ద పట్టకారుతో నొక్కుతారు. చర్మం కోయరు, లోపల విత్తుకు వెళ్లే రక్తనాళాలు, వీర్యనాళం నలుగుతాయి, విత్తు ఎండిపోతుంది. పాత రోజుల్లో రాళ్లతో కొట్టేవాళ్లు, అది తలుచుకోవద్దు. నొక్కేటప్పుడు ఒక పక్క నాళం జారిపోతే ఆ కోడె కోడెగానే ఉండిపోతుంది, ఆరునెలలకు ఊళ్లో ఆవులు చెప్తాయి ఆ సంగతి. గుర్రానికి మాత్రం కోసే ఆపరేషనే చేస్తారు, మత్తు ఇచ్చి. దానికి వాడే పనిముట్టు నాలాంటి ఇంజినీర్లకు భలే నచ్చుతుంది. నాళాన్ని ఒక పక్క నలిపి, ఇంకో పక్క కోస్తుంది. నలిపిన పక్క గుర్రంలో మిగలాలి, అప్పుడే రక్తం ఆగుతుంది. తిప్పి పట్టుకుంటే నలిగింది బయటికి పోతుంది, కోసింది లోపల మిగులుతుంది, రక్తం కారిపోతుంది. అందుకే దాని మీది నట్టు ఎప్పుడూ విత్తు వైపు ఉండాలన్నది డాక్టర్లు మొదట నేర్చుకునే రూలు.

ఇంకొకటి, గుర్రానికి ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది. పేడ, మట్టి, తెరిచిన గాయం, ఈ మూడూ కలిస్తే చాలు. టీటీ ఇంజెక్షన్ లేకుండా ఊళ్లో తెలిసినోళ్లతో చేయించారంటే గుర్రం మీద ఆశ వదులుకోవాల్సిందే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా విత్తులు తీయడాన్ని నిర్ణీత పద్ధతిలో చేస్తేనే ఒప్పుకుంటుంది. పశువైద్యశాలకు వెళ్లండి, కుదరకపోతే 1962కు ఫోన్ చేసి అడగండి, టోల్ ఫ్రీ.

ఇప్పుడు ఆ పెద్ద కథ. మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తే గుర్రాల్లో విత్తులు తీసినవి బోలెడు, రేస్ కార్డులో గుర్రం వివరాల్లో చిన్నగా ఒక "జీ" ఉంటుంది చూడండి. ప్రపంచంలో గొప్ప పేరు తెచ్చుకున్న గుర్రాల్లో కూడా ఇవి చాలా ఉన్నాయి. 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచిన ఫార్ ల్యాప్ గెల్డింగే. 2009లో ఎవరూ ఊహించకుండా కెంటకీ డెర్బీ కొట్టిన మైన్ దట్ బర్డ్ కూడా అంతే. డెర్బీ గెలిచిన మామూలు గుర్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి పిల్లల ద్వారానే యజమానికి సంపాదించి పెడుతుంది. వీటికి ఆ దారి లేదు. పొగరు తగ్గించడానికి చిన్నప్పుడే విత్తులు తీస్తారు, అది చాంపియన్ అవుతుందని అప్పుడు ఎవరికి తెలుసు? బ్యాకప్ తీయకుండా డిలీట్ కొట్టడం లాంటిది.

బ్యాకప్ తీసే దారి ఉంది మరి. ఆపరేషన్ రోజే, తీసేసిన విత్తుకు అంటుకున్న ఎపిడిడిమిస్ లోంచి వీర్యకణాల్ని బయటికి తీసి, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచొచ్చు. ఏళ్ల తర్వాత కూడా దాంతో కృత్రిమ గర్భధారణ చేయొచ్చు.

దాచలేదు, గుర్రం చాంపియన్ అయింది. అప్పుడు? ఇందాక చెప్పా కదా, ప్రతి కణంలో 64 క్రోమోజోములు ఉన్నాయని. పీరాజ్ అని ఒక అరబ్బీ గుర్రం, వంద మైళ్లు పరిగెత్తే ఎండ్యూరెన్స్ పోటీల్లో 1994లో, 1996లో ప్రపంచ చాంపియన్. గెల్డింగ్. దాని చర్మం ముక్క తీసి, అందులోని కణంతో 2005లో ఇటలీలో క్లోన్ పుట్టించారు. ప్రపంచంలో మొట్టమొదటి గుర్రం క్లోన్ కూడా ఇటలీలోనే, 2003లో పుట్టింది. పీరాజ్ క్లోన్‌కు విత్తులు తీయలేదు. పరుగు పందేల కోసం కాదు, కేవలం సంతానం కోసమే దాన్ని పుట్టించారు. అలాగే 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రెండు వెండి పతకాలు తెచ్చిన జెమ్ ట్విస్ట్ అనే గెల్డింగ్ 2006లో చనిపోయింది. రెండేళ్లకు, 2008లో దాని క్లోన్ పుట్టింది. ఆ క్లోన్‌కు తర్వాత పిల్లలు కూడా పుట్టాయి. జన్యువుల లెక్కలో ఆ పిల్లలకు తండ్రి ఎవరు? క్లోన్ అనండి, చనిపోయిన జెమ్ ట్విస్ట్ అనండి, డీఎన్ఏ పరీక్ష రెండింటినీ వేరు చేసి చెప్పడం కష్టం.

ఇదంతా ఎక్కడో ఫారిన్ వ్యవహారం అనుకోకండి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థవాళ్లు 2009లోనే గరిమ అనే బర్రె దూడను క్లోనింగ్‌తో పుట్టించారు. కానీ ఒక విషయం, మలక్‌పేటలో పరిగెత్తే థరోబ్రెడ్ జాతికి ఇవేవీ పనికిరావు. ఆ జాతిలో క్లోన్‌నే కాదు, కృత్రిమ గర్భధారణతో పుట్టినదాన్ని కూడా రిజిస్టర్ చేయరు. ఆడ, మగ గుర్రాలు నిజంగా కలిసి పుట్టిన పిల్లే కావాలి. అక్కడ విత్తులు తీశారంటే ఆ వంశం అంతటితో ఆగినట్టే.

అన్న ఆడ గుర్రం ఇంకో ఏడు నెలల్లో ఈనుతుంది. సీజన్ మధ్యలో దాన్ని బరాత్‌కు తిప్పొచ్చా, ఎన్ని నెలల వరకు తిప్పొచ్చు, మేత ఎట్లా మార్చాలి అని ఇప్పటికే పది ప్రశ్నలు పంపాడు. వాటి మీద డాక్టర్‌ని కూర్చోబెట్టి వచ్చే ఎపిసోడ్ చేద్దాం. మీ ఇంట్లో ఎద్దుల కాలం చూసిన తాతయ్యలుంటే, మీ ఊళ్లో విత్తులు కొట్టించడాన్ని ఏమంటారో అడిగి కామెంట్‌లో రాయండి. ఊరికో మాట ఉందని నాకు అనుమానం. ఉంటా మరి, బై.